కిటికీలో పింగాణీ కుక్కలు

జూన్ 3, మంగళవారం

ఈరోజు డ్యూటీ లేదు. ఖాళీగా ఉంటే నా చేతులు ఊరుకోవు. వీధివైపు కిటికీ కడిగాను. ఈ ద్వీపంలో గాలి ఎటు వీచినా సముద్రపు ఉప్పంతా అద్దాల మీదే వచ్చి కూర్చుంటుంది. కిటికీ గట్టు మీదున్నవన్నీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. పూలకుండీ, ఇత్తడి దీపం, ఆ రెండు పింగాణీ కుక్కలు. తెల్లటి ఒళ్ళు, ఎర్ర మచ్చలు, మెడలో బంగారు రంగు గొలుసు, మనం ఏదో తప్పు చేసినట్టు చూసే మొహాలు. మా సొంతూరు హెర్నింగ్‌లో అయితే బొమ్మ అన్నాక మొహం ఇంట్లోవాళ్ళకి కనబడేలా పెడతాం. అలాగే పెట్టాను.

సాయంత్రం చెత్తబుట్ట బయటపెడుతుంటే పక్కింటి లౌరిత్స్ సైకిల్ ఆపాడు.

"ఏం ప్రెబెన్, ఇంటాయన వచ్చేశాడన్నమాట!"

"ఏ ఇంటాయన?"

కిటికీ వైపు గడ్డం ఎగరేసి, నవ్వుకుంటూ తొక్కుకుంటూ పోయాడు.

అప్పుడు వెలిగింది. ఈ ఫానో ద్వీపంలో మొగుడు సముద్రం మీద ఉంటే కుక్కలు బయటికి చూడాలి, ఇంట్లో ఉంటే లోపలికి చూడాలి. తెరచాప ఓడల కాలం నాటి ముచ్చట. నేను నడిపే బస్సెక్కిన టూరిస్టులకి ఈ కథ చెప్పేది నేనే. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నదీ నేనే. అయినా గుడ్డ చేతిలో ఉన్నంతసేపూ గుర్తు రాలేదు.

రాకపోతే ఏమైంది? నేను ఇంట్లోనే ఉన్నాను కదా.

జూన్ 4, బుధవారం

పొద్దున లేచేసరికి కుక్కలు మళ్ళీ బయటికి చూస్తున్నాయి. ఇల్లు మారెన్‌ది, ఆమే తిప్పి ఉంటుంది. బొమ్మల కోసం మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటారా? పైగా మేం మొగుడూ పెళ్ళాలం కూడా కాదు.

జూన్ 6, శుక్రవారం

మా చెల్లెలు ఎల్సెబెత్ హెర్నింగ్ నుంచి ఫోన్ చేసింది. నా పాత ఫ్లాటులో అద్దెకున్న కుర్రజంట వచ్చే వారం ఖాళీ చేస్తున్నారట. దాన్ని కొంటామని కింది అంతస్తు టీచరమ్మ అడుగుతోందట.

"అమ్మెయ్యమంటావా, ఉంచమంటావా? నిజం చెప్పు అన్నయ్యా. అక్కడే ఉండిపోతావా?"

పోయిన నెల అడిగి ఉంటే ఆలోచించకుండా అమ్మెయ్యమనేవాణ్ణి. "చూద్దాం" అన్నాను. దానికి నా గొంతు పుట్టినప్పటినుంచీ తెలుసు. "ఏం జరిగింది?" అంది. పన్ను నొప్పి అని చెప్పాను. అబద్ధం కాదు, పై పన్ను ఒకటి నిజంగానే సలుపుతోంది. కానీ పళ్ళ డాక్టరు ఎస్బ్యేర్‌లో ఉంటాడు. అవతలి ఒడ్డుకి ఫెర్రీ ఎక్కాలి. ఎక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. ఊళ్ళో చిన్నపిల్లలు కూడా ఐస్‌క్రీం తింటూ దాటే నీళ్ళు అవి. అందుకే వాయిదా వేస్తున్నాను.

జూన్ 8, ఆదివారం

సోన్నిక్ గురించి ఒక్కసారి రాసి వదిలేస్తాను. మారెన్ మొగుడు. పందొమ్మిదేళ్ళ క్రితం నవంబరులో, కలప వేసుకుని నార్వే నుంచి వస్తున్న సరుకు ఓడలో మేటు, కెప్టెన్ కింది అధికారి. ఓడ దొరకలేదు, మనుషులూ దొరకలేదు. నడవాలో అతని ఫొటో ఉంది. భుజాలు వెడల్పు, జుట్టు ఒత్తు. ఫొటోలో ఉన్నవాడికి బట్టతల రాదు, బస్సు ఆలస్యమైందని ఎవరూ తిట్టరు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా.

అతని తల్లి యోహానె మా ఎదురింట్లోనే ఉంటుంది. వీధి మొత్తానికి ఆవిడ నాయనమ్మ. నాక్కూడా. ఆవిడ కుర్చీ ఆవిడ కిటికీ దగ్గరే ఉంటుంది. మేం ఎప్పుడు తలుపు తీసినా ఆవిడకి తెలుస్తుంది. నేను మొదటిసారి సూట్‌కేసుతో దిగిన రోజు పైనుంచి కిందికి చూసి, "ఈత వచ్చా?" అని అడిగింది. రాదన్నాను. "మంచిది. నీళ్ళ జోలికి పోవు" అంది.

ఆవిడంటే నాకు గౌరవం. కుక్కల గురించి నాకేం పట్టింపు లేదు. ఒక్కటే అడుగుతున్నాను, అదీ కాగితాన్ని: మారెన్ పందొమ్మిదేళ్ళు ఎదురుచూశాక కూడా సోన్నిక్ కుర్చీ ఖాళీ కాలేదంటే, నేను ఎందులో కూర్చున్నట్టు?

జూన్ 10, మంగళవారం

మారెన్ రొట్టె పిండి పిసుకుతోంది. కోపం వచ్చినా, చెప్పలేని మాట ఉన్నా ఆమె పిండే పిసుకుతుంది. ఈ వారం మా ఇంట్లో రొట్టెకి లోటు లేదు.

"వచ్చే ఆదివారం అత్తయ్య పుట్టినరోజు. సొన్నెర్‌హో వెళ్దామంటోంది. ఆవిడ పుట్టిన ఊరు కదా. మా సిస్సెల్, దాని కూతురు టిల్డ కూడా వస్తున్నారు. నువ్వూ వస్తావుగా?"

"వారానికి ఐదు రోజులు అక్కడికే పోతాను."

"బస్సు పోతుంది. నువ్వెప్పుడు పోయావు?"

నిజమే. ఆఖరి స్టాపులో బస్సు తిప్పుకుని వచ్చెయ్యడమే కానీ ఆ ఊళ్ళో ఏనాడూ దిగి నడవలేదు.

జూన్ 12, గురువారం

కుక్కల గురించి ఇక రాయకూడదనుకున్నాను. రాయడం లేదు. అవి మాత్రం బయటికే గుడ్లప్పగించి చూస్తున్నాయి.

జూన్ 15, ఆదివారం

చాలా రాయాలి. పెన్ను పట్టుకున్నాక ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు. బస్సు దగ్గర మొదలెడతాను, నాకు తెలిసింది అదే.

ఐదుగురం ఎక్కాం. నేను, మారెన్, మారెన్ కూతురు సిస్సెల్, ఆమె ఆరేళ్ళ కూతురు టిల్డ, ఒళ్ళో సంచీతో నాయనమ్మ. స్టీరింగ్ దగ్గర విల్లాడ్స్. మంచి కుర్రాడే, కానీ బ్రేకు మీద పగ ఉన్నవాడిలా తొక్కుతాడు. ప్రతి వంపులోనూ నా కుడికాలు దానంతటది నేలని నొక్కింది. "ప్రెబెన్, ఈరోజు నువ్వు ప్యాసింజరువి" అంది మారెన్. వారం తర్వాత ఆమె నాతో అన్న మొదటి చమత్కారం అది. బాగుంది.

నాయనమ్మ సంచీలో వెన్నలో వేయించిన ఎండుచేపలు. మా ద్వీపంలో గోడలకి వేలాడదీసి ఆరబెట్టే చదునైన చేపలు. ఆ వాసనకి నాకు నోరూరింది, వెనక సీట్లో జర్మన్ జంట మాత్రం కిటికీ తెరిచారు. "తెరవనియ్, దారిలో ఉన్నవాళ్ళకి కూడా ఆకలేస్తుంది" అంది నాయనమ్మ.

మొదట చర్చికి వెళ్ళాం. లోపల కప్పు నిండా ఓడలు వేలాడుతున్నాయి. సముద్రం మీదికి వెళ్ళి బతికి వచ్చినవాళ్ళు చేసి ఇచ్చిన చిన్న చిన్న ఓడలు, తెరచాపలతో సహా. టిల్డ బెంచీ మీద వెల్లకిలా పడుకుని చూసింది.

"బోనస్ తాతా, వీటిలో నీ ఓడ ఏది?"

ఇక్కడ పిల్లలు అమ్మమ్మతో ఉంటూ ఆమె మొగుడు కానివాణ్ణి అలాగే పిలుస్తారు. మొదట్లో సూపర్ మార్కెట్లో ఉచితంగా ఇచ్చే సబ్బులా అనిపించేది. ఇప్పుడు అలవాటైంది.

"నాది ఓడ కాదమ్మా, బస్సు."

"మరి దాన్నెందుకు వేలాడదీయలేదు?"

"నేనింకా నడుపుతున్నాను కదా."

మారెన్ చర్చి అని కూడా చూడకుండా పకపకా నవ్వింది. నవ్వు ఆపుకోలేక నా చెయ్యి పట్టుకుంది. ఇంతమంచి రోజు వచ్చి చాలాకాలమైందని అప్పుడే అనుకున్నాను. అలా అనుకోగానే ఏదో ఒకటి జరుగుతుంది.

అక్కడినుంచి పాత కెప్టెన్ ఇంటికి. ఇప్పుడది మ్యూజియం. గుమ్మం పాతకాలం మనుషుల ఎత్తుకి కట్టింది, నా నుదురు వెళ్ళి కొట్టుకుంది. నీలం టైల్స్ అతికిన గోడలు, గోడలోనే మంచం, కిటికీలో రెండు కుక్కలు. మా ఇంట్లోవాటికి అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. గైడు కాలేజీ పిల్ల. కథ బాగానే చెప్పింది, నేను బస్సులో చెప్పేదానికన్నా బాగా.

బస్సులో కిటికీ తెరిచిన జర్మన్ ఆయనే అడిగాడు. "అయితే ఆ మనిషి తిరిగి రాకపోతే? అప్పుడు కుక్కలు?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. అది ఆమె చదివిన దాంట్లో లేదు. నేను నా బూట్ల వైపు చూశాను. మారెన్ ఎటు చూసిందో చూసే ధైర్యం లేకపోయింది.

నాయనమ్మ కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడి ఉంది. "కుక్కలేం చేస్తాయి బాబూ, పింగాణీవి. వాటంతటవి తిరగవు. ఎవరో ఒకరు తిప్పాలి" అంది.

"టిల్డకి ఐస్‌క్రీం కావాలట" అని మారెన్ గబగబా బయటికి వెళ్ళిపోయింది. టిల్డ ఏమీ అడగలేదు. కానీ కాదనే రకం కాదు, వెంటే పరిగెత్తింది. సిస్సెల్ వాళ్ళ వెనక వెళ్ళింది. నా చేతిలో చేపల సంచీ, నా మోచేతికి నాయనమ్మ మిగిలారు.

సముద్రపు కట్ట మీద బెంచీ దొరికింది. నీళ్ళు దూరంగా వెనక్కి పోయి ఉన్నాయి. ఎదురుగా మెరుస్తున్న బురద, అందులో పిట్టలు. ఆవిడ ఒక చేప తీసి నాకిచ్చింది, ఒకటి తను తీసుకుంది. పుట్టినరోజు నాడు ఆవిడ ఎవరి కోసమూ ఆగదు.

"ఆ రోజు కుక్కల్ని తిప్పింది నువ్వే కదూ?"

"కిటికీ కడుగుతూ పొరపాటున పెట్టాను నాయనమ్మా. తెలియక."

"పొరపాటో గ్రహపాటో. నేను ఆ రోజు చూసి, 'హమ్మయ్య, కోడలు తిప్పేసింది' అనుకున్నా. కాఫీ రెండు కప్పులు తాగా. మర్నాటికి మళ్ళీ నా మొహంలోకే చూస్తున్నాయి. ఎందుకు తిప్పేసింది?"

ఇంతకాలం ఎవరితోనూ అనని మాట నోట్లోంచి వచ్చేసింది. "ఇంకెందుకు, సోన్నిక్ కోసం. ఆమె ఇంకా అతని కోసమే చూస్తోంది. నేను ఆ ఇంట్లో ఇల్లరికం వచ్చినవాడిలా ఉన్నాను. కాదు, ఇల్లరికం అల్లుడికైనా ఒక హోదా ఉంటుంది."

నాయనమ్మ నమలడం ఆపింది.

"పిచ్చోడా. అది తిప్పింది నా కోసంరా. ఎదురింట్లో కూర్చుని నేను చూస్తుంటానని. ముసల్దాని గుండె ఆగిపోతుందని."

"మరి... నీకు బాధ కాదా?"

"నా కొడుకు రాడని నాకు ఆ ఫోను మోగిన రోజే తెలుసు. ఫోను తియ్యకముందే తెలుసు. ఆ కుక్కలు అలా ఉన్నంతకాలం కోడలికి ఇంకా ఆశ ఉందేమో, నేను నోరు జారి దాన్ని పాడుచెయ్యకూడదని ఊరుకున్నా." చేప ముల్లు తీసి కట్ట కిందికి విసిరింది. "పందొమ్మిదేళ్ళుగా అది నన్ను కాపాడుతోంది, నేను దాన్ని కాపాడుతున్నా. మధ్యలో నువ్వొచ్చి కిటికీ కడిగావు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు. "వెన్న ఎక్కువేశాను" అంది. నాకూ ఎక్కువే అనిపించింది. ఇద్దరం కాసేపు బురద వైపు చూస్తూ ఏడ్చాం, తింటూనే.

"నేను మారెన్‌కి చెప్పనా?" అన్నాను.

"నోరు మూసుకో. ఇది అత్తాకోడళ్ళ వ్యవహారం."

తర్వాత మారెన్ వచ్చింది. ఆమె కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి, గాలి అని చెప్పింది. టిల్డ గడ్డం నిండా ఐస్‌క్రీం. అందరం రై ధాన్యపు రొట్టెతో ఆ చేపలు ఖాళీ చేసి, నాయనమ్మకి పుట్టినరోజు పాట పాడాం. జర్మన్ జంట దూరం నుంచి చెయ్యి ఊపారు. నాయనమ్మ వాళ్ళని పిలిచి చెరో చేప పెట్టింది. కిటికీ తెరిచిన మనిషే రెండోది అడిగి తిన్నాడు.

తిరుగు బస్సులో మారెన్ నా భుజానికి ఆనుకుని నిద్రపోయింది. చెప్పాలని నాలుక దురద పెట్టింది. ముందు సీట్లోంచి నాయనమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. నాలుక లోపలే ఉంచుకున్నాను.

జూన్ 16, సోమవారం

డ్యూటీ దిగి వీధి మలుపు తిరిగాను. కిటికీలో రెండు కుక్కల వీపులు కనబడుతున్నాయి. రెండు తోకలు. నా జన్మలో ఏ జంతువు వెనకభాగం చూసీ ఇంత సంతోషపడలేదు.

మారెన్ వంటింట్లో ఉంది. పిండి పిసకడం లేదు, ఊరికే కూర్చుంది.

"అత్తయ్య వచ్చింది" అంది. "చెప్పులు కూడా మార్చుకోకుండా, ఇంట్లో వేసుకునేవాటితోనే వీధి దాటి వచ్చింది. 'అమ్మాయ్, ఇక చాలు' అంది. ఒక కుక్కని తీసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత దాన్ని ఆవిడ తిప్పింది. రెండోదాన్ని నన్ను తిప్పమంది."

"నువ్వు తిప్పావా?"

"కనబడట్లేదా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె బాగా ఏడ్చింది, నేను పక్కన కూర్చున్నాను. నడవాలో సోన్నిక్ ఫొటో దగ్గర ఆగి, అతనికి ఒక నమస్కారం లాంటిది పెట్టాను. అతను నాకేం అన్యాయం చేశాడు?

ఎల్సెబెత్‌కి ఫోన్ చేసి టీచరమ్మకి మాటిచ్చెయ్యమన్నాను. బుధవారం వచ్చి నా సామాను తీసేస్తానని చెప్పాను.

జూన్ 18, బుధవారం, హెర్నింగ్

పొద్దున్నే బయల్దేరాను. మారెన్ గుమ్మం దాకా వచ్చి, "ఎప్పుడొస్తావు?" అంది. శుక్రవారం అన్నాను. ఫెర్రీలో కడ్డీ పట్టుకుని ఆకాశం వైపు చూస్తూ దాటాను.

ఫ్లాటులో నా పాత పెట్టెలు, ఒక కుర్చీ, నాన్న గోడగడియారం. ఎల్సెబెత్, నేనూ కట్టలు కట్టాం. హుషారుగా ఉన్నాను, ఈల కూడా వేశాను.

భోజనాలయ్యాక ఫోను మోగింది. నాయనమ్మ. ఆవిడకి ఫోనులో పలకరింపులు ఉండవు.

"ఒరేయ్ ప్రెబెన్. కుక్కలు మళ్ళీ బయటికి చూస్తున్నాయిరా."

"ఏంటి? ఎందుకు?"

"నన్నడుగుతావేం? నేను చూసింది చెప్పా."

పెట్టేసింది. తిరిగి చేస్తే తియ్యలేదు. మారెన్‌కి చెయ్యడానికి మనసు రాలేదు. ఏమని అడగను? రెండు రోజులైనా ఉంచలేకపోయావా అనా? నేను గుమ్మం దాటీ దాటకముందే మళ్ళీ అతని కుర్చీ అతనికి వేసేసింది. ఏడ్చింది, నవ్వింది, నా వీపు కనబడగానే తిప్పేసింది.

ఎల్సెబెత్‌ని ఆపాను. "టీచరమ్మకి ఇంకో నాలుగు రోజులు ఆగమను" అన్నాను. అది నా మొహం చూసి, కట్టిన పెట్టె విప్పి కాఫీ కప్పులు తీసింది. చెల్లెలుండటం మంచిది.

జూన్ 19, గురువారం

నిద్ర పట్టలేదు. మొదటి రైలుకే వచ్చేశాను. ఫెర్రీలో కడుపు తిప్పిందో లేదో కూడా గమనించలేదు, అంత కోపంగా ఉన్నాను. ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను. మూడేళ్ళ మాటలు.

వీధి మలుపు తిరిగాను. నిజమే. రెండూ బయటికే చూస్తున్నాయి, సూటిగా నా మొహంలోకి.

తలుపు తోసుకుని వెళ్ళాను. మారెన్ పనికి బయల్దేరుతూ కోటు తొడుక్కుంటోంది.

"అదేంటి, రేపు కదా వస్తానన్నావు!"

"కుక్కలు" అన్నాను. పేర్చుకున్న మాటల్లో అదొక్కటే నోట్లోంచి వచ్చింది.

"ఏ కుక్కలు? ఓ, అవా." ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట. అలాగే కిటికీ దగ్గరికి వెళ్ళింది. "నువ్వు ఇంట్లో లేవు కదా, ప్రెబెన్" అంటూ ఒకదాన్ని లోపలికి తిప్పింది. తర్వాత రెండోదాన్ని. దాని ముక్కు మీద దుమ్ము వేలితో తుడిచింది.

నేను సూట్‌కేసు కింద పెట్టడం కూడా మర్చిపోయాను.

"నా కోసమా?" అన్నాను. "హెర్నింగ్ వెళ్తే?"

"నీళ్ళు దాటావుగా. మరి ఎవరి కోసం అనుకున్నావు?"

నేను ఎవరి కోసమనుకున్నానో ఆమెకి అర్థమైంది. కోటు విప్పేసి నా దగ్గరికొచ్చింది. పనికి ఆలస్యంగా వెళ్ళింది. ఎదురింటి కిటికీలో నాయనమ్మ కుర్చీలో ఊగి ఊగి నవ్వడం అద్దం లోంచి కూడా కనబడింది. ఆవిడ సంగతి తర్వాత చూస్తాను.

ఎల్సెబెత్‌కి ఫోన్ చేశాను. "అమ్మెయ్. ఇవాళే అమ్మెయ్" అన్నాను. "పన్ను నొప్పి తగ్గిందా?" అంది.

జూన్ 22, ఆదివారం

నాయనమ్మ కాఫీకి వచ్చింది. ఇకనుంచి పొద్దున్నే లేచి రెండు కుక్కల పిర్రలు చూసే రాత పట్టిందని వాపోయింది. సొన్నెర్‌హో డ్యూటీకి కూడా తిప్పొచ్చు కదా, నాకు కాస్త మార్పుగా ఉంటుంది అంది. కుదరదంది మారెన్. బస్సు లెక్కలోకి రాదట, ఫెర్రీ ఎక్కితేనే లెక్కట. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

మధ్యాహ్నం ఎస్బ్యేర్ పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి మంగళవారానికి టైము తీసుకున్నాను. పన్ను అంత నొప్పేమీ లేదు. అయినా ఫెర్రీ ఎక్కి వెళ్తాను.